మైకులోని బుస



మన మంచిర్యాల సీమలో పంచాయతి మైకు వట్టి యలంకారము గాదు. 2022వ సంవత్సరము జూలై నెలలో కడెము ప్రాజెక్టునకు దాని గేట్లు విడువగల దానికంటె మిక్కిలిగా వరద వచ్చినది. గోదావరి పొంగి మంచిర్యాలలోని పల్లపు వాడలు మునిగినవి. అట్టివేళ 'కదలండి' యనుటకును 'కదలకండి' యనుటకును భేద మొక్క యక్షరమే గదా! మైకులోని బుస ముందుగా మ్రింగునది హల్లులనే. అక్షరములు చెప్పి బ్రతికినవాడను గనుక ఈ సంగతి నన్ను మిక్కిలి బాధించును.

చిప్పు మార్పింపుమని మెకానిక్కు చెప్పినంతనే సమ్మతింపరాదు. ముందు రోగ మేదో తెలియవలెను. 'గుం' అను మ్రోత కరెంటుది. తీగపై తొడుగు తెగుటవలననో, ఎర్తు చెడుటవలననో కలుగును. గొంతు పెంచు బొత్తము త్రిప్పినపుడు బరబర మన్నచో అది దుమ్ము. వాన కురిసినట్లు ఎడతెగక వినవచ్చు బుసయే మన ప్రస్తుత విషయము. మైకు తీగల రెంటిని ఒండొంటికి తాకించి చూడుడు. అప్పటికిని బుస నిలిచియున్నచో దోషము పెట్టెలోనిదే.

మైకు నుండి వచ్చునది మిల్లీవోల్టు, రెండు మిల్లీవోల్టులు మాత్రమే. నోరు దూరమైనకొలది ఇంకను తక్కువ. దానిని మొట్టమొదట పెంచునది ఆప్ ఆంప్ అను ఎనిమిది కాళ్ళ చిప్పు. అచ్చట పుట్టిన బుస తరువాతి అఱలన్నిటియందును మాటతోపాటు పెరుగుచునే పోవును. 1968లో ఫెయిర్‌చైల్డు కంపెనీవారు తెచ్చిన 741 ప్రసిద్ధమైనదే కాని, మైకు పనికి సున్నితమైనది కాదు.

ఇప్పుడు దుకాణములలో చౌకగా దొరకునవి రెండు: టీఎల్ 072, ఎన్‌ఈ 5532. వినికిడి మేరలో మొదటిది తనవంతుగా చేర్చు బుస సుమారు రెండున్నర మైక్రోవోల్టులు; రెండవది ముప్పాతిక మైక్రోవోల్టునకు లోపు. అట్లైన 5532యే మేలని యందురు. తొందరపడకుడు! మీ మైకు నిరోధ మెంత? రెండువందలు మొదలు ఆఱువందల ఓముల మైకైనచో 5532యే మేలు. ఏబదివేల ఓముల పాతకాలపు మైకైనచో తీర్పు తారుమారగును. ఏలయన, 5532 తన ముఖద్వారమున కొంచెము కరెంటు రొదను గూడ పుట్టించును. ఆ రొద పెద్ద నిరోధముగుండ పోయినపుడు పెద్ద బుసయగును. టీఎల్ 072కు ఈ గుణము లేనట్లే. మైకు నెఱుగక చిప్పు కొనుట, కాలు కొలువక చెప్పులు కొనుట వంటిది.

ఇంకొక చిక్కు. 741లో ఒక్క ఆంప్లిఫయరే యుండును. 072, 5532లలో రెండేసి యుండును. కాళ్ళ వరుస వేఱు. పాతది 4558 అయినచో ఈ రెంటిలో ఏదైనను అదే చోట కూర్చుండును. 741 స్థానమున 5532 పెట్టినచో పెట్టె చెడును. అచ్చటికి ఒంటిదైన 5534ను అడుగుడు. అయితే పెంపు మూడింతలకు తక్కువైనచోట దానికొక చిన్న కెపాసిటరు తోడు కావలెను.

పాత పేరు చెరిపి కొత్త పేరు ముద్రించిన నకిలీలు అంగళ్ళలో నున్నవి. మరీ చౌకగా నిచ్చువానిని నమ్మకుడు.

కరెంటు వచ్చు కాళ్ళ దగ్గఱనే 0.1 మైక్రోఫారడు కెపాసిటరు పెట్టింపవలెను. లేకున్న 5532 చెవికి వినరాని వేగమున ఊగులాడి మాటను గరగర చేయును. ఈ ఖర్చంతయు పెట్టకముందు, ప్రకటన చదువువానిని మైకు నోటికి నాలుగంగుళముల దూరమున పట్టుకొమ్మనుడు. సగము బుస అంతటితోనే అణగుట నేనెన్నియో యూళ్ళలో చూచితిని.

చిప్పును నేరుగ అతికింపక ఎనిమిది కాళ్ళ సాకెట్టు పెట్టించుడు. మఱల మార్చవలసి వచ్చినపుడు బోర్డును కాల్చ బనిలేదు.