ముందు పాట, తర్వాత ఊపిరి



ఈ రోజు పట్టాలు అందుకుంటున్న సంగీత విద్యార్థులారా, మీకు ఆర్నాల్డ్ జేకబ్స్ గురించి చెప్పాలి. 1944 నుంచి 1988 దాకా షికాగో సింఫనీ ఆర్కెస్ట్రాలో ట్యూబా వాయించారాయన. ఇత్తడి వాద్యాలన్నింటిలోకీ పెద్దది, మంద్రంగా పలికేది ట్యూబా. ఆర్కెస్ట్రాలో వయొలిన్లు ఎన్నో ఉంటాయి, ట్యూబా మాత్రం సాధారణంగా ఒక్కటే. స్వరకర్త ద్వోర్జాక్ ‘న్యూ వరల్డ్’ సింఫనీలో నాలుగు భాగాలున్నా ట్యూబాకు పని రెండో భాగంలోనే, అదీ కొన్నే స్వరాలు. మిగతాసేపంతా వాద్యం ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. తన వంతు రాగానే తక్కిన ఇత్తడి వాద్యాలకు అడుగున నిలిచి మెత్తగా పలకాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా దాచుకునే చోటు లేదు. అలాంటి కుర్చీలో నలభై నాలుగేళ్లు కూర్చోవడమే నా దృష్టిలో పెద్ద సాధన.

పైగా ఆయనకు ఉబ్బసం. ఊపిరే పెట్టుబడి అయిన వృత్తి కదా! మనిషి గాలి ఎలా పీలుస్తాడో, ఎలా వదులుతాడో పట్టుదలగా చదివి తెలుసుకున్నారు. ఇంటి నేలమాళిగలో గాలిని కొలిచే పరికరాలు పెట్టుకుని పాఠాలు చెప్పారు. ట్యూబా వాళ్లే కాదు, ట్రంపెట్, హార్న్, ఫ్లూట్ వాయించేవాళ్లూ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవారు.

శరీరం గురించి అంత తెలిసినా, వాయించేటప్పుడు కండరాల మీద ధ్యాస పెట్టవద్దనేవారు. పెదవి ఎలా బిగించాలా, పొట్ట ఎలా పెట్టాలా అనుకుంటూ బిగుసుకుపోయిన శిష్యుడి చేత వాద్యం పక్కన పెట్టించి, ఉత్త మౌత్‌పీస్ మీద తెలిసిన పాట ఊదించేవారు. మనసులో పాట స్పష్టంగా వినిపిస్తూ, గాలి ధారాళంగా సాగితే పెదవులు తమ పని తాము చూసుకుంటాయన్నది ఆయన నమ్మకం. ‘పాట, గాలి’ అన్న రెండు మాటల్లో తన బోధనంతా చెప్పేవారు.

గురుముఖంగా విని నేర్చుకున్న మీకు ఇది పరాయి విద్య కాదు. అయినా పాఠం చెప్పే చోట మనం తప్పులు ఎంచడానికి ఇచ్చినంత సమయం వినిపించడానికి ఇవ్వడం లేదు. ఇది నన్ను చాలా బాధపెడుతుంది.

కచేరీ వేదికలు మీలో కొందరికే దొరుకుతాయి. పాఠం చెప్పే అవకాశం దాదాపు అందరికీ వస్తుంది. మీ ముందు కూర్చున్న పిల్లవాడి తప్పు సరిదిద్దేముందు, ఆ స్వరాన్ని ఒకసారి నిండుగా పలికించి వినిపించండి.