ఆపరేషన్‌కు ఉన్న బీమా పరీక్షకెందుకు లేదు?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

బడి జ్ఞాపకాలు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ముప్పై ఏళ్ళు నర్సుగా చేశాను కాబట్టి నన్ను ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. ఒక్క విషయమే చెబుతాను, రొమ్ము క్యాన్సర్.

మన శాంతిపురం పల్లెల్లో ఆడమనిషికి రొమ్ములో గడ్డ తగిలితే, నొప్పి లేదు కదా అని ఊరుకుంటుంది. మొదట్లో ఆ గడ్డ చాలామందికి నొప్పి పెట్టదు, చిక్కంతా అక్కడే. చూపించుకోమ్మా అంటే, "పురుగు నాలుగో జ్వరం లేచింది, ఆకు ఎవరేస్తారక్కా?" అంటుంది. ఆ మాట తీసిపారేసేది కాదు. కుప్పం పోయొస్తే ఒక రోజు పని పోతుంది, ప్రైవేటులో మామోగ్రామ్ తీయిస్తే చేతి డబ్బు పోతుంది.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక క్యాన్సర్ ఆపరేషన్‌కు, కీమోకు, రేడియేషన్‌కు పేదింటికి దారి దొరికింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ ఆ డబ్బు జబ్బు బయటపడ్డాకే. బెంగళూరులో ఉన్న మన పిల్లల పాలసీలూ చాలావరకు అంతే. 2020లో బీమా నియంత్రణ సంస్థ తెచ్చిన ఆరోగ్య సంజీవని పాలసీ చదవండి. కేవలం పరీక్షల కోసం ఆసుపత్రిలో చేరితే ఖర్చు ఇవ్వరని అందులోనే ఉంది. లక్షలిస్తారట, వేలివ్వరట!

అమెరికాలో 2010 నాటి ఆరోగ్య చట్టం ప్రకారం, 40 దాటిన ఆడవాళ్ళ స్క్రీనింగ్ మామోగ్రామ్ ఖర్చు దాదాపు అన్ని బీమా కంపెనీలూ పూర్తిగా భరించాలి. అక్కడున్న మీ కూతుళ్ళను, కోడళ్ళను అడగండి. అది కంపెనీల దయ కాదు. మనకూ అటువంటి నిబంధన కావాలి.

అందరికీ మిషనే కావాలని కాదు. ముంబయి టాటా మెమోరియల్ వాళ్ళు 1998లో మొదలుపెట్టి, లక్షన్నర మంది ఆడవాళ్ళను ఇరవై ఏళ్ళు గమనించి, 2021లో ఫలితాలు ప్రకటించారు. శిక్షణ పొందిన కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో పరీక్షిస్తే, 50 దాటినవాళ్ళలో ఈ జబ్బు చావులు 30 శాతం దాకా తగ్గాయి. అంతకన్నా చిన్నవాళ్ళలో ఆ మేలు కనబడలేదు, అదీ చెప్పాలి. 30 దాటిన ఆడవాళ్ళకు ఈ చేతి పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితమే. ఆ తర్వాతి మామోగ్రామ్, సూది పరీక్ష బీమాలోకి రావాలి.

కంపెనీల్లో పెద్ద ఉద్యోగాల్లో ఉన్న తమ్ముళ్ళూ, గ్రూపు పాలసీలో ఏముండాలో బేరమాడేది మీరే. ఈసారి రెన్యూవల్‌లో మామోగ్రామ్ చేర్చమనండి. పాత పద్ధతిలో పన్ను కట్టేవాళ్ళకు ముందస్తు ఆరోగ్య పరీక్షల మీద 5,000 రూపాయల వరకు మినహాయింపు ఉంది. అమ్మకు చేయించినా అందులోకి వస్తుంది.

మన తొమ్మిదో తరగతి గదిలో ఇద్దరు సిస్టర్లు కూర్చున్నారు, తెరలు కట్టాం. భోజనాలకు ముందే వెళ్ళి చూపించుకోండి. మగవాళ్ళు కాసేపు పిల్లల్ని చూసుకోండి.