43 అంగుళాల టీవీ: మా దిండి ఇంటికి రెండుసార్లు కొన్న కథ

చాలా రోజుల నుంచి మీలో చాలామంది ఒకటే అడుగుతున్నారు. "అన్నా, పాతిక వేల లోపు ఇంటికి మంచి టీవీ ఏది? ఒక్క పేరు చెప్పు చాలు" అని. ఒక్క పేరు మాత్రం నేను చెప్పనండి. ఈ ఎపిసోడ్ మీరు ఆరు నెలల తర్వాత చూస్తే ఆ మోడల్ షాపులో ఉంటుందో ఉండదో తెలీదు. దాని బదులు, మా నాన్నగారికి టీవీ కొనడంలో నేను చేసిన తప్పు, తర్వాత దాన్ని ఎలా దిద్దుకున్నానో చెప్తాను. మీకు కావాల్సింది అందులోనే ఉంటుంది.

మాది దిండి. చించినాడ వంతెనకి ఇవతల, కోనసీమ వైపు. బయటివాళ్లకి దిండి అంటే హౌస్‌బోట్లు, రిసార్టులు. మాకు మాత్రం కొబ్బరి తోట, ఒక డాబా ఇల్లు, ఎదురుగా వరండా. నేను బీటెక్ చేసి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన కొత్తలో, పండగ సేల్‌లో ఒక 43 అంగుళాల 4కే టీవీ కనిపించింది. పేరు పెద్దగా వినని కంపెనీ. రేటు చూస్తే పేరున్న కంపెనీల టీవీ కన్నా ఏడెనిమిది వేలు తక్కువ. స్పెసిఫికేషన్లు చూస్తే అన్నీ ఉన్నాయి. ఇంకేం కావాలి? ఆర్డర్ పెట్టేసి ఊళ్లో అడ్రస్ ఇచ్చేశాను. నాన్న ఊరంతా చెప్పుకున్నారు, మావాడు పంపాడని.

రెండేళ్లు నడిచింది. ఆ తర్వాత సంక్రాంతికి ఇంటికి వెళ్తే, టీవీ మీద తువ్వాలు కప్పి ఉంది. ఏంటమ్మా ఇది అంటే, "ఏం లేదురా, దుమ్ము పడుతుందని" అంది. తువ్వాలు తీసి స్విచ్ వేస్తే తెర మీద కుడివైపంతా నిలువు గీతలు. బొమ్మ సగం లేదు. అలా అయ్యి అప్పటికి రెండు నెలలు. అమ్మ సీరియల్ ఫోన్‌లో చూసుకుంటోంది, ఆ చిన్న తెర కళ్ల దగ్గర పెట్టుకుని. నాన్న క్రికెట్ ఉన్న రోజున పక్కింటికి వెళ్తున్నారు. ఎందుకు చెప్పలేదు నాన్నా అంటే, "నీకు చెప్తే మళ్లీ డబ్బులు పెడతావు కదరా" అన్నారు. నిజం చెప్తున్నానండి, ఆ పూట నాకు గారెలు గొంతు దిగలేదు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. పిన్‌కోడ్ అడిగారు, చెప్పాను. "సార్, మీ ఏరియాలో మాకు టెక్నీషియన్ లేరు" అన్నారు. వారంటీ ఏడాదే, అదీ అయిపోయింది. ప్యానెల్ మారిస్తే ఎంతవుతుందని అడిగితే, వాళ్లు చెప్పిన అంకెకి ఇంకొంచెం కలిపితే కొత్త టీవీ వచ్చేస్తుంది. ఇది ఆ ఒక్క కంపెనీ గొడవ కాదు. ఏ ఎల్ఈడీ టీవీలో అయినా ఖర్చంతా ప్యానెల్‌దే. బోర్డు పోతే బాగుచేయించుకోవచ్చు, వెనకాల లైటు పట్టీలు పోతే మార్పించుకోవచ్చు. ప్యానెల్ పోయిందంటే టీవీ పోయినట్టే లెక్క.

అందుకని నా మొదటి మాట ఇది. మోడల్ చూడకముందే, మీరు అనుకుంటున్న కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి మీ పిన్‌కోడ్ చెప్పండి. "రిపేరు వస్తే మనిషి ఏ ఊరి నుంచి వస్తాడు? ఇంటికొస్తాడా, నన్నే తెమ్మంటాడా? అదనపు వారంటీలో ప్యానెల్ ఉందా?" ఈ మూడు ముక్కలు అడగండి. పది నిమిషాల పని. హైదరాబాద్‌లో ఉండి కొనేవాడికి ఇది తట్టదు, నాకూ తట్టలేదు. రాజోలు వైపు, అమలాపురం వైపు, లంక ఊళ్లలో ఉండేవాళ్లకి మాత్రం స్పెసిఫికేషన్ల కాగితం కన్నా ఇదే ముఖ్యం.

సరే, ఆ సంక్రాంతికే ఇంకో విషయం బయటపడింది. చెప్పడానికి కూడా సిగ్గేస్తుంది, అయినా చెప్తాను. పాత టీవీ వెనకాల చూస్తే, కేబుల్ బాక్స్ నుంచి టీవీకి ఎరుపు, తెలుపు, పసుపు రంగుల మూడు పిన్నుల వైరు పెట్టి ఉంది! ఆ పసుపు పిన్నులోంచి హెచ్‌డీ బొమ్మ రాదండి. అంటే రెండేళ్ల పాటు మా నాన్న 4కే టీవీలో చూసింది మామూలు ఎస్‌డీ బొమ్మ. బీటెక్ చదివిన కొడుకు సెలవులకి వచ్చి, అదే టీవీ ముందు కూర్చుని టిఫిన్ తిని వెళ్లాడు తప్ప వెనక్కి చూడలేదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క. ఎస్‌డీ ఛానల్ బొమ్మలో చుక్కలు 720 ఇంటూ 576, అంటే సుమారు 4 లక్షల 15 వేలు. ఫుల్ హెచ్‌డీ తెర మీద చుక్కలు 1920 ఇంటూ 1080, అంటే 20 లక్షల 73 వేల చిల్లర. సరిగ్గా ఐదు రెట్లు. 4కే తెర మీద ఇరవై రెట్లు. మరి వచ్చే బొమ్మలో లేని చుక్కలు తెర మీద ఎక్కడి నుంచి వస్తాయి? టీవీలో ఉన్న చిప్ ఊహించి నింపుతుంది. ఫుల్ హెచ్‌డీ టీవీ అయితే ప్రతి ఐదింట్లో నాలుగు, 4కే అయితే ఇరవైలో పంతొమ్మిది ఊహించాలి. ఖరీదైన టీవీలో ఆ చిప్ బాగుంటుంది కాబట్టి పర్లేదు. చవక 4కేలో మనుషుల మొహాలు మైనం పూసినట్టు కనిపిస్తాయి. "ఒరేయ్, పాత డబ్బా టీవీలోనే బొమ్మ బాగుండేదిరా" అని నాన్న అప్పట్లో అంటే, నేను నవ్వి ఊరుకున్నాను. ఆయన చెప్పిందే కరెక్టు.

కాబట్టి టీవీ కొనేముందు ఇంట్లో బాక్స్ చూడండి. వెనకాల హెచ్‌డీఎంఐ పోర్టు ఉందా? ఉంటే హెచ్‌డీ ఛానళ్లు మీ ప్యాక్‌లో ఉన్నాయా? స్టార్ మా, జీ తెలుగు, ఈటీవీ, జెమిని అన్నిటికీ హెచ్‌డీ ఛానళ్లు ఉన్నాయి, కానీ వాటికి నెలనెలా అదనంగా కట్టాలి. బాక్స్ మార్చకుండా, ప్యాక్ మార్చకుండా టీవీ ఒక్కటే మారిస్తే కొత్త గిన్నెలో పాత పులుసే.

ఇప్పుడు సైజు సంగతి. మా హాల్లో దివాన్ నుంచి టీవీ గోడకి సుమారు తొమ్మిది అడుగులు. కంటిచూపు బాగున్న మనిషికి, 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర మీద చుక్కలు విడివిడిగా కనపడాలంటే ఐదున్నర అడుగుల లోపు కూర్చోవాలి. అంతకన్నా దూరం జరిగితే ఫుల్ హెచ్‌డీకీ 4కేకీ తేడా కంటికి అందదు. మరి తొమ్మిది అడుగుల్లో కూర్చునే నాన్నకి 4కే దేనికి? ఆయనకి కావాల్సింది పెద్ద తెర. ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. వార్తల్లో కింద పరిగెత్తే అక్షరాలు ఆయనకి అందాలి. 32 అంగుళాల టీవీతో పోలిస్తే 43లో అక్షరం మూడో వంతు పెద్దగా ఉంటుంది. తెర వైశాల్యం అయితే 80 శాతం ఎక్కువ. డబ్బు అక్కడ పెట్టాలి. అదే మీది చిన్న గది, మంచానికీ గోడకీ ఆరడుగులే అంటే 32 చాలు, హాయిగా డబ్బు మిగుల్చుకోండి.

రేటు విషయంలో ఒక మంచి మాట. 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం చేశారు. 20 వేల సరుకు అనుకోండి, పన్నుతో 25,600 అయ్యేది ఇప్పుడు 23,600. 32 వాటికి ముందు నుంచే 18 కాబట్టి వాటిలో మార్పు లేదు. అంటే చిన్న టీవీకీ పెద్ద టీవీకీ మధ్య తేడా తగ్గింది. నేను రెండో టీవీ ఆ దీపావళి వరకు ఆగి కొన్నాను. ఆలోపు అమ్మావాళ్లకి నా పాత మానిటర్ తెచ్చి బాక్స్‌కి తగిలించాను, ఎలాగోలా గడిచింది.

ఈసారి ఆన్‌లైన్ కాదు. నాన్నని బండి ఎక్కించుకుని వంతెన దాటి పాలకొల్లు వెళ్లాను. షాపులో ఏం చేస్తారో మీకు తెలుసు. అన్ని టీవీల్లోనూ ఒకే వీడియో, చిలకలు, పండ్లు, మంచు కొండలు. రంగులు కళ్లు చెదిరిపోతుంటాయి. అది షాపు కోసం పెట్టిన మోడ్, వీడియో కూడా దానికోసం తీసిందే. నాన్న షాపాయన్ని అడిగారు:

"ఏవండీ, ఇందులో వార్తలు రావాండీ?"

"వస్తాయి బాబాయ్ గారూ, కానీ ఇది 4కే డెమో అండి, ఇలాగైతే క్లారిటీ తెలుస్తుంది."

"మా ఇంట్లో చిలకలు రావు కదండీ. వార్తలు పెట్టండి."

షాపాయన నవ్వి, కేబుల్ వైరు తెచ్చి తగిలించారు. నాన్న వెనక్కి అడుగులు లెక్కపెట్టుకుంటూ తొమ్మిది అడుగులు వెళ్లి నిలబడి, కింద పరిగెత్తే వార్తలు పైకి చదివారు. నాలుగు టీవీల ముందు అదే పరీక్ష. రెండింట్లో అక్షరాలు జరిగేటప్పుడు అలికినట్టు అయిపోయాయి, చదవలేకపోయారు. అందులో ఒకటి మిగతా వాటికన్నా ఖరీదు ఎక్కువది! ఇంత మంచి పరీక్ష నేను ఏ రివ్యూలోనూ చూడలేదండి.

నేను చేసిన పరీక్ష ఒకటుంది. పక్కకి వెళ్లి చూడటం. మా ఇంట్లో అమ్మ ఎదురుగా కూర్చోదు, వంటింటి గుమ్మంలో కూర్చుని కూర తరుగుతూ చూస్తుంది. ప్యానెళ్లలో ఐపీఎస్, వీఏ అని ముఖ్యంగా రెండు రకాలు. వీఏలో నలుపు బాగా నల్లగా వస్తుంది, రాత్రి లైట్లు ఆపి సినిమా చూసేవాళ్లకి బాగుంటుంది. కానీ పక్క నుంచి చూస్తే రంగు వెలిసిపోతుంది. ఐపీఎస్‌లో నలుపు కాస్త బూడిదగా ఉంటుంది, పక్క నుంచి మాత్రం బాగా కనిపిస్తుంది. డబ్బా మీద చాలాసార్లు ఏ రకమో రాయరు. పక్కకి నడిచి చూస్తే మీకే తెలిసిపోతుంది. మేం ఐపీఎస్ తీసుకున్నాం, అమ్మ కోసం.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. హెచ్‌డీఆర్ అని స్టిక్కర్ ఉంటుంది, ఈ రేటులో తెరకి అంత వెలుగు ఉండదు కాబట్టి దానికోసం రూపాయి కూడా ఎక్కువ పెట్టొద్దు. ర్యామ్ 1 జీబీ అయితే యాప్‌లు నత్తనడక, కనీసం ఒకటిన్నర, వీలైతే 2 చూడండి. అయినా దీని గురించి మరీ బెంగ అక్కర్లేదు. స్మార్ట్ భాగం నాలుగేళ్లకి ముసలిదైతే, మూడు నాలుగు వేల స్టిక్ ఒకటి హెచ్‌డీఎంఐకి గుచ్చితే మళ్లీ కొత్తదవుతుంది. ప్యానెల్‌కి అలాంటి స్టిక్ లేదు. ఆ మాటకొస్తే, సర్వీసు ఉన్న కంపెనీలోనే 4కే రెండు వేల తేడాలో దొరికితే తీసుకోండి, తప్పేం లేదు. నేను వద్దంటున్నది 4కే అనే అక్షరం కోసం సర్వీసు లేని కంపెనీకి వెళ్లడం.

తెచ్చేటప్పుడు పెట్టెని ఆటోలో నిలబెట్టే తీసుకురండి, పడుకోబెట్టొద్దు. గతుకుల్లో తెర చిట్లుతుంది.

ఇక కరెంటు. మాకు ఈదురుగాలి, పిడుగు మామూలే. మొంథా తుఫాను 2025 అక్టోబర్ 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మా కొత్త టీవీకి ఇంకా పది రోజులు కూడా నిండలేదు. సాయంత్రమే ప్లగ్ పీకేశాం. ప్లగ్ ఒక్కటే కాదండి, కేబుల్ బాక్స్‌కి వచ్చే నల్ల వైరు కూడా విప్పేశాం. చాలామంది ఇది మర్చిపోతారు. పిడుగు ఆ వైరులోంచి వచ్చి, బాక్స్ మీదుగా హెచ్‌డీఎంఐలోంచి టీవీలోకి వెళ్తుంది. ఫైబర్ నెట్ వైరు గాజు కాబట్టి దాంట్లోంచి కరెంటు రాదు, కానీ ఆ బాక్స్ అడాప్టర్ ప్లగ్‌లోనే ఉంటుంది కదా, అదీ తీయాలి. స్టెబిలైజర్ కొనాలా అని అడుగుతారు. టీవీ వెనక స్టిక్కర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే లో వోల్టేజీకి అది అక్కర్లేదు. ఆ డబ్బుతో సర్జ్ ప్రొటెక్టర్ కొనండి, దానికన్నా ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ ఉందో లేదో చూపించండి. మా ఇంట్లో సాకెట్‌కి మూడో రంధ్రం ఉంది కానీ దాని వెనకాల వైరే లేదు. ముప్ఫై ఏళ్లుగా లేదట!

చివరిగా ఒకటి. అమ్మకి పాత టీవీతో ఉన్న అసలు కష్టం బొమ్మ కాదు, రెండు రిమోట్లు. టీవీ వేయగానే ఏవో యాప్‌లు, సినిమా పోస్టర్లు వచ్చేవి. అక్కడి నుంచి కేబుల్‌కి వెళ్లడం తెలియక నాన్న వచ్చేవరకు అలాగే కూర్చునేది. చాలా టీవీల్లో సెట్టింగ్స్‌లో, ఆన్ చేయగానే నేరుగా హెచ్‌డీఎంఐ 1కి వెళ్లేలా పెట్టుకోవచ్చు. ఊళ్లో అమ్మానాన్నలకి టీవీ కొనిస్తున్నవాళ్లు షాపులోనే ఆ ఆప్షన్ ఉందో లేదో చూడండి. మా దాంట్లో ఉంది, పెట్టాను. ఇప్పుడు అమ్మ స్విచ్ వేస్తే సీరియలే వస్తుంది. కొత్త టీవీలో ఏం నచ్చిందమ్మా అంటే తెర గురించి ఒక్క ముక్క చెప్పలేదు, ఇదే చెప్పింది.

సరేనండి, మీ హాల్ ఎన్ని అడుగులో, మీ బాక్స్ వెనక ఏ రంగు వైరు ఉందో ఈ రోజే చూసుకోండి. వచ్చేవారం ఇన్వర్టర్ బ్యాటరీ గురించి మాట్లాడుకుందాం. ఉంటాను మరి.