గర్భిణికి ఆయాసము: ఉపేక్షింపరాని లక్షణములు

(గ్రామపంచాయతీ సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



సాగర్ రోడ్డున యాచారము, మంచాల వైపునుండియు, విజయవాడ రోడ్డున చౌటుప్పల్ వైపునుండియు వైద్యమునకై నగరమునకు వచ్చువారు ఎల్.బి.నగర్ ప్రాంతమునకు చేరుదురు. వనస్థలిపురము ఏరియా ఆసుపత్రి అక్కడికి సమీపముననే యున్నది. కోఠిలోని ప్రసూతి ఆసుపత్రికి పోవలసినచో దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేటల రద్దీని దాటవలెను. ఆ దారిలో పట్టు కాలమును మనము తగ్గింపజాలము. కాని "నిండు చూలాలికి దమ్ము మామూలే" అని ఇంటిలో వృథాచేయు కాలమును తప్పక తగ్గింపగలము.

ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. గర్భము ధరించినప్పుడు శరీరమున జరుగు మార్పులవలన శ్వాస హెచ్చును. నెలలు నిండినకొలది గర్భాశయము పెరిగి ఊపిరితిత్తులకు క్రిందనున్న కండరపు పొరను పైకి నెట్టును. మెట్లెక్కినప్పుడు కొద్దిగా ఆయాసము కలిగి, కూర్చొనగనే తగ్గినచో భయపడ నక్కరలేదు. తరువాతి పరీక్షకు పోయినప్పుడు ఆ సంగతి చెప్పిన చాలును.

కాని రక్తహీనత, ఉబ్బసము, నెమ్ము, క్షయ, గుండెజబ్బు, రక్తపుపోటు, ఊపిరితిత్తులలో రక్తపుగడ్డ అడ్డుపడుట, ఇవన్నియు ఆయాసముగానే బయటపడవచ్చును. ఏది కారణమో ఇంటిలో కూర్చొని నిర్ణయింప సాధ్యము కాదు.

ఈ క్రింది లక్షణములలో ఏ ఒక్కటి కన్పించినను తెల్లవారువరకు ఆగరాదు:

1. హఠాత్తుగా ఊపిరాడకపోవుట, లేక కదలకున్నను ఎగరొప్పుట.
2. వెల్లకిల పండుకొనలేక లేచి కూర్చొనుట.
3. రొమ్ములో నొప్పి, గుండెదడ, సొమ్మసిల్లుట.
4. కఫములో రక్తము, పెదవులు నీలముగా మారుట.
5. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిపెట్టుట.
6. ఆయాసముతోపాటు తీవ్రజ్వరము, లేక ముఖము వాచి తలనొప్పి, చూపు మసక.

వెంటనే 108కి ఫోను చేయవలెను. 2005లో హైదరాబాదులో ఆరంభమైన ఈ ఉచిత వాహనసేవ నేడు పల్లెలకును అందుచున్నది. గర్భిణిని కూర్చుండబెట్టి, తల్లీబిడ్డల కార్డును, వాడుచున్న మందులను వెంట తీసికొనిపోవలెను.

దగ్గు రెండు వారములు దాటినచో కఫపరీక్ష చేయింపవలెను. ఉబ్బసమునకు వైద్యుడిచ్చిన పీల్చు మందును కడుపుతో నున్నామని మానరాదు. మందు మానుటవలన వచ్చు ఆయాసమే శిశువునకు ఎక్కువ హాని. అవసరమైనచో వైద్యుడు తీయించు ఛాతీ ఎక్స్‌రేకును వెరవ నక్కరలేదు. దానివలన శిశువునకు సోకు కిరణములు అత్యల్పము. కట్టెలపొయ్యి పొగ, చుట్టపొగ గర్భిణికి తగులకుండ చూడవలెను.

రక్తములో హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గినచో రక్తహీనత. 7 గ్రాములకు తగ్గినచో అది తీవ్రము, ఆసుపత్రిలో చికిత్స అవసరము. 2016లో ఆరంభమైన పథకము ననుసరించి ప్రతినెల 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో గర్భిణులకు ఉచితముగా పరీక్షలు జరుగును.

ప్రసవమైనంతమాత్రమున ప్రమాదము తొలగదు. రక్తపుగడ్డల భయము ఆరువారముల వరకును, ఒక విధమగు గుండె బలహీనత అయిదు నెలల వరకును కలుగవచ్చును. బాలింత ఆయాసమును గూడ ఇట్లే చూడవలెను.

మేము మిమ్ము కోరునది మూడు పనులు. మీ వార్డులోని గర్భిణుల జాబితాను ఆశా కార్యకర్తతో కలిసి సిద్ధము చేయుడు. రాత్రివేళ వాహనము ఆలస్యమైనచో ఎవరి బండి కదలవలెనో ముందుగనే నిర్ణయింపుడు. ఈ ఆరు లక్షణములను పంచాయతీ కార్యాలయపు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. అత్తగారు, భర్త వానిని చదివి తెలిసికొన్ననాడు గర్భిణి నోరు తెరచి "నాకు ఊపిరాడుట లేదు" అని చెప్పిన మాటకు ఇంటిలో విలువ కలుగును.