ఊరి హద్దు, డీజే మోత

లౌడ్‌స్పీకర్ల మోత కట్టడికి దేశమంతటా ఆధారం 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలే. ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి పది దాటితే పొద్దున ఆరు దాకా ఆరుబయట మైకు మోగకూడదు. పండగలకు ప్రభుత్వం అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వొచ్చు, అదీ ఏడాదికి 15 రోజులకు మించకుండా.

ఊరికీ ఊరికీ తేడా వచ్చేది పోలీసు ఉత్తర్వుల దగ్గర. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. ఆ మాట చెల్లేది వారి కమిషనరేట్ హద్దు వరకే. ఆనుకునే ఉన్న సైబరాబాద్‌కు, అప్పటి రాచకొండకు కమిషనర్లు వేరు. లారీ మీద పేర్చిన బాక్సుల దడదడకు ఆ గీత ఎక్కడ తెలుస్తుంది? అవతలి వీధి కిటికీ అద్దాలూ అదురుతాయి. 2000 నాటి నియమాల ప్రకారం బహిరంగ స్థలంలో మోతను కొలవాల్సింది ఆ స్థలం అంచున: ఆ ప్రాంతపు పరిమితిపై 10 డెసిబెల్స్ లేదా మొత్తం 75, వీటిలో ఏది తక్కువైతే అదే గరిష్ఠం.