తగ్గేది ధరా, కూలా?

(అనకాపల్లిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వేలంపాట అంటే ఏమిటో అనకాపల్లిలో నేను చెప్పనక్కర్లేదు. బెల్లం మార్కెట్లో కొనేవాళ్ళు పాడతారు, ధర పైకి వెళ్తుంది. రివర్స్ వేలంలో ఇది తలకిందులవుతుంది. కొనేది ఒక్కరు. సరుకిచ్చేవాళ్ళు, పని చేయించి పెట్టేవాళ్ళు అనేకమంది. వాళ్ళు కంప్యూటర్ ముందు కూర్చుని, గడువు ముగిసేదాకా ఒకరికంటే ఒకరు ధర తగ్గించుకుంటూ పోతారు.

ఇందులో మంచి లేదనను. గుత్తేదారులు ముందే కూడబలుక్కుని ధర పెంచడానికి ఇది కొంత అడ్డుకట్ట. మన రాష్ట్రం 2019 ఆగస్టులో రివర్స్ టెండరింగ్ తెచ్చింది. ఆ ఏడాదే పోలవరం ప్రధాన డ్యాం, జలవిద్యుత్ కేంద్రం పనులు 4,987 కోట్లకు బదులు 4,359 కోట్లకు ఖరారయ్యాయి. 628 కోట్లు ఆదా అని ప్రభుత్వం చెప్పింది. అయితే టెండరు వేసింది ఒకే ఒక్క సంస్థ. కాబట్టి అదంతా పోటీ మహిమే అనలేం. 2024లో ఈ విధానం రద్దయింది. కానీ కేంద్ర ప్రభుత్వ 'జెమ్' పోర్టల్లోనూ, ప్రైవేటు కంపెనీల్లోనూ రివర్స్ వేలం కొనసాగుతూనే ఉంది.

మనం అడగాల్సింది ఒకటే. తగ్గిన ఆ రూపాయి ఎవరి నుంచి వచ్చింది?

పైపులు, మోటార్లు కొంటే నాణ్యత పరీక్షించుకోవచ్చు. అక్కడ తగ్గేది అమ్మేవాడి లాభం. కానీ ఆసుపత్రి ఊడ్పు, హాస్టలు వంట, యూనిఫారాల కుట్టు సంగతేమిటి? వీటి ఖర్చులో పెద్ద భాగం కూలే. చేసేది ఎక్కువగా దళిత, వెనుకబడిన కులాల స్త్రీలు. చీపురు ధరా, సబ్బు ధరా గుత్తేదారు చేతిలో లేవు. అతను తగ్గించగలిగినవి రెండే: మనుషుల సంఖ్య, వాళ్ళ చేతికొచ్చే కూలి. పదిమంది పని ఏడుగురి మీద పడుతుంది. పి.ఎఫ్. పేరుతో కోత పడుతుంది, ఖాతాలో జమ పడదు. కుట్టు పని కోసం పొదుపు సంఘాలు పాటకు వెళ్ళినా, అప్పు తెచ్చిన ఆడవాళ్ళు పెద్ద కంపెనీలా నష్టానికి పాడగలరా?

1992లో నెల్లూరు స్త్రీలు సారా పాటలనే అడ్డుకున్నారు. పాట నియమాలను ప్రశ్నించడం మనకి కొత్త కాదు. గుత్తేదారు కూలి ఎగ్గొడితే ప్రధాన యజమానే చెల్లించాలన్న సూత్రం 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం కాలం నుంచే ఉంది. దాని మీద నిలబడి మూడు డిమాండ్లు పెడదాం. కూలి, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. వాటాలను పాటలో పెట్టకూడదు. ఎంతమంది పనిచేయాలో టెండరులోనే రాయాలి. జమ రశీదులు చూపాకే బిల్లు చెల్లించాలి.

ముందుగా మీ ఊరి ఆసుపత్రితో మొదలుపెట్టండి. 2005 సమాచార హక్కు చట్టం కింద పారిశుద్ధ్య ఒప్పందం నకలు అడగండి. అందులో ఎంతమందని రాశారో, వార్డుల్లో ఎంతమంది ఊడుస్తున్నారో లెక్కపెట్టండి.