ఐఈఎల్‌టీఎస్‌కు కూర్చునే ముందు

పై చదువులకు బ్రిటన్‌కో ఆస్ట్రేలియాకో వెళ్లాలనుకునే మన పిల్లల్లో చాలామంది ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ అనగానే గ్రామర్ పుస్తకం తీస్తారు. తడబడేది మాత్రం వేరే చోట.

వినే పరీక్షనే తీసుకోండి. 40 ప్రశ్నలు. రికార్డింగ్ ఒక్కసారే వినిపిస్తారు. రెండు మాటలకు మించకూడదన్నచోట మూడు రాస్తే, జవాబు తెలిసినా మార్కు పోయినట్టే. స్పెల్లింగ్ తప్పినా అంతే. అందుకే ప్రశ్న కంటే ముందు ఆ సూచన చదవాలి.

రాతపరీక్షకు గంట. మొదటి ప్రశ్నకు కనీసం 150 మాటలు, రెండోదానికి 250. రెండోదానికి విలువ రెట్టింపు. అయినా మొదటిదాంట్లోని గ్రాఫు దగ్గరే అరగంట గడిపేసేవాళ్లు ఎందరో! 20 నిమిషాలు కాగానే దాన్ని వదిలేయండి.

మాట్లాడే పరీక్షలో ఓ కార్డు చేతికిస్తారు. నిమిషం ఆలోచించుకుని, రెండు నిమిషాల దాకా మాట్లాడాలి. బట్టీ పట్టిన జవాబును ఎగ్జామినర్ ఇట్టే పసిగడతారు. మన యాస మార్చుకోనక్కర్లేదు, మాట స్పష్టంగా ఉంటే చాలు. ఇంట్లో ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. మధ్యలో ఎన్ని 'ఆఁ'లు, ఎన్ని 'ఊఁ'లు దొర్లాయో మీకే తెలుస్తుంది.

స్కోరు మామూలుగా రెండేళ్లే చెల్లుతుంది. దరఖాస్తు గడువు చూసుకున్నాకే పరీక్ష తేదీ బుక్ చేసుకోండి.